రన్నర్ ముఖానికి ఆధారం

ఆ రోజుకి అంచుల మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి క్షవరం, తొమ్మిదిన్నరకి ఇస్త్రీ చొక్కా, పదింటికి ఆఫీసు. సాయంత్రం నాలుగింటికి ప్రధాన తపాలా కార్యాలయం హాల్లో, ఆఖరి వరస వెనక గోడకి ఆనుకుని నిలబడి, తాను బొమ్మ వేసిన స్టాంపు విడుదలవుతుంటే చప్పట్లు కొట్టడం. ఇందులో అనుకున్నట్టు జరిగింది క్షవరం ఒక్కటే. అది కూడా సగం.

స్టాంపుల విభాగంలో ఆయన చిత్రకారుడు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో స్టాంపు మధ్యలో బొమ్మ వేసే అవకాశం ఈ స్టాంపు దాకా ఆయనకి ఒక్కసారీ రాలేదు. మధ్యలో ఉండే మహానుభావుల్ని వేరేవాళ్లు వేసేవారు. చుట్టూ అంచు, మూలల్లో లతలు, కింద అంకె, చిల్లులు ఎక్కడ పడాలో చూపించే చుక్కల గీత ఈయన వేసేవాడు. అందుకే అందరూ అంచుల మాస్టారు అన్నారు. మొదట్లో వెక్కిరింతగా అన్నారు. పోనుపోను అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

"ఏమండీ, ఉత్తరానికి అంటించడానికి మామూలు స్టాంపు ఉందిగా. మళ్లీ ఈ ప్రత్యేకం స్టాంపులెందుకు?" అంది భార్య, చొక్కా మీద నీళ్లు చిలకరిస్తూ.

"మామూలు స్టాంపు ఉత్తరాన్ని మోస్తుందే. ఇది జ్ఞాపకాన్ని మోస్తుంది. ఒకసారి అచ్చు వేశాక అయిపోతే అంతే, మళ్లీ వేయరు."

"ఆ జ్ఞాపకం నెత్తిమీదే కదండీ నల్ల ముద్ర గుద్దుతారు?"

"అందుకే చాలామంది అంటించరు. కొనుక్కుని పుస్తకంలో దాచుకుంటారు."

"అంటే ఉత్తరం మోయకుండానే మోతకూలి పుచ్చుకుంటారన్నమాట. బాగుంది మీ జ్ఞాపకం."

స్మారక స్టాంపుల చరిత్ర మీద ఈ సందర్భానికని మాస్టారు నాలుగు పేజీల కరపత్రం రాశాడు. మొదటి యాభై ఏళ్లూ స్టాంపుల మీద చాలావరకు రాజుల తలకాయలు, రాణుల తలకాయలు, అంకెలే ఉండేవనీ, ఆ తర్వాతెప్పుడో ఒక సంఘటననో ఒక మనిషినో తలుచుకోవడానికి కూడా ఈ చిన్న కాగితం పనికొస్తుందని ప్రభుత్వాలకి తట్టిందనీ అందులో వివరించాడు. నాలుగు పేజీల్లోనూ విషయం భార్య చెప్పినంత క్లుప్తంగా కుదరలేదు.

మంగలి కుడివైపు పూర్తిచేసి ఎడమవైపుకి తిరుగుతుండగా ఫోను మోగింది. సూపరింటెండెంటు. ఏ కాగితం వెళ్లినా దానిమీద ఒక ప్రశ్న రాసి వెనక్కి పంపుతాడని, అంటే కొర్రీ వేస్తాడని, ఆయన్ని అందరూ కొర్రీ గారు అంటారు.

"మాస్టారూ, ఎక్కడున్నారు?"

"కుర్చీలో ఉన్నానండీ."

"ఎవరి కుర్చీలో?"

"మంగలి కుర్చీలోనండీ."

"వెంటనే లేవండి. డైరెక్టర్ మేడమ్ పిలుస్తున్నారు. ఆ ఫోటో పట్టుకుని రావాలి."

"ఏ ఫోటో అండీ?"

"అది నేనడగాలి. రన్నర్ ఫోటో ఉందని రాసింది మీరేగా?"

మాస్టారు మెడచుట్టూ గుడ్డతోనే వీధిలోకి నడిచాడు. మంగలి వెనకనుంచి వచ్చి గుడ్డ లాక్కున్నాడు.

* * *

బస్సులో ఎడమవైపు జుట్టు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఆయన రెండు నెలల వెనక్కి వెళ్లాడు.

బస్సులూ రైళ్లూ చేరని దారుల్లో నూరేళ్ల కిందట ఉత్తరాల సంచిని మువ్వల కర్రకి తగిలించి, భుజాన వేసుకుని పరిగెత్తేవాళ్లు ఉండేవారు. వాళ్లని రన్నర్లు అనేవారు. అలాంటి ఒక రన్నర్ ఒక వరదలో చిక్కుకున్నాడు. నీళ్లు తీశాక చూస్తే ఇద్దరు మనుషుల ఎత్తున, చెట్టుకొమ్మకి సంచి వేలాడుతోంది. లోపల ఒక్క ఉత్తరం కూడా తడవలేదు. మనిషి మాత్రం దొరకలేదు. ఆ వరదకి నూరేళ్లు నిండుతున్నాయని స్టాంపు వేయాలనుకున్నారు. పెద్ద చిత్రకారులందరికీ వేరే పనులున్నాయి. బొమ్మ అంచుల మాస్టారి చేతికొచ్చింది.

ఇబ్బందల్లా ఒకటే. ఆ రన్నర్ ఎలా ఉండేవాడో చెప్పే ఫోటో లేదు, చిత్రం లేదు, వర్ణన కూడా లేదు. పుట్టినతేదీ దగ్గర 'తెలియదు' అని రాస్తే సరిపోయింది. కానీ దరఖాస్తులో తొమ్మిదో గడి ఉంది: 'ముఖానికి ఆధారం'. దాని కింద చిన్న అక్షరాల్లో 'ఊహాచిత్రం అనుమతించబడదు' అని ఉంది.

ఒక మధ్యాహ్నం, మిగతావాళ్లు భోజనాలకి వెళ్లినప్పుడు, మాస్టారు పెన్సిలు పట్టుకున్నాడు. కుర్రవాడి ముఖం వేద్దామనుకున్నాడు. పెన్సిలు ముసలివాడి ముఖం వేసింది. ఎముకలు తేలిన చెంపలు, బిగించిన పెదవులు, కుడికంటి కన్నా కాస్త దిగువన ఎడమ కన్ను. కన్ను జారిందేమోనని చెరిపి పైకి వేశాడు. వేశాక చూస్తే మళ్లీ దిగువనే ఉంది. నాలుగుసార్లు చెరిపాడు. ఐదోసారి చెరపబోతే ఎవరో తనవంక విసుగ్గా చూస్తున్నట్టనిపించి, గదంతా చూశాడు. ఎవరూ లేరు. చూస్తున్నది కాగితం.

ఆ ముఖాన్ని తానెక్కడా చూడలేదు. ఆ సంగతి మాత్రం ఖాయంగా తెలుసు. బొమ్మని బోర్లా పెట్టి, తొమ్మిదో గడిలో 'వారసుల వద్దనున్న ఛాయాచిత్రం' అని రాసి, కాగితం పంపేశాడు. జీవితంలో మొదటిసారి స్టాంపు మధ్యలోకి వచ్చిన మనిషి ఆ మాత్రం చేస్తాడు.

* * *

"మీ కరపత్రం చాలా బాగుంది మాస్టారూ," అంది డైరెక్టర్ మేడమ్. "నాకు బాగా నచ్చిన వాక్యం ఇది. 'వారసులు నూరేళ్లుగా భద్రపరిచిన ఛాయాచిత్రం ఆధారంగా ఈ స్టాంపు రూపొందింది.'"

'నూరేళ్లుగా భద్రపరిచిన' అన్న ముక్క మాస్టారు రాయలేదు. ఎన్నేళ్లుగా అని కొర్రీ గారు ప్రశ్న వేస్తే మధ్యలో ఎవరో చేర్చారు. అబద్ధం తన కాళ్లమీద తాను నడవడం మొదలుపెట్టిందని ఆయనకి అప్పుడే తెలిసింది.

"ఆ ఫోటోని స్టాంపు పక్కన ఫ్రేము కట్టి పెడదాం. రెండున్నరకల్లా గోడమీద ఉండాలి. వారసులు ఎక్కడుంటారు?"

"అటు... దూరం మేడమ్."

"సరే, వాళ్ల సంగతి నేను చూస్తాను. మీకు ఒంట్లో బాగానే ఉందా?" మేడమ్ చూపు ఆయన తల ఎడమవైపు నుంచి కుడివైపుకి వెళ్లి మళ్లీ ఎడమవైపుకి వచ్చింది.

"సగం బాగానే ఉంది మేడమ్."

వరండాలో కొర్రీ గారు పట్టుకున్నాడు.

"ఫోటో ఉందా?"

"ఉందండీ."

"ఎక్కడ?"

"వారసుల దగ్గర."

"వారసులెక్కడ?"

"ఫోటో దగ్గర."

కొర్రీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మాస్టారూ, నాకు మీమీద కోపం లేదు. కానీ ఆ ఫోటో రాకపోతే మీది ఊహాచిత్రం అవుతుంది. ఊహాచిత్రమైతే మూడు లక్షల స్టాంపులూ ఇవాళే కాల్చేయాలి. ఆధారం తప్పు రాసినందుకు మీరు ఇంటికెళ్లాలి. వెళ్లాక మళ్లీ రానక్కర్లేదు. అర్థమైందా?"

కొర్రీ గారు తన సర్వీసులో అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ మాస్టారికి అదొక్కటే తేలిగ్గా అర్థమైంది.

* * *

మాస్టారి బావమరిది ఫోటో స్టూడియో నడుపుతాడు. బావని చూడగానే కుర్చీలోంచి లేచాడు. "అదేంటి బావా! కుడివైపు నుంచి పదేళ్లు తగ్గావు. ఎడమవైపు అలాగే ఉన్నావు."

"ఒరేయ్, నూరేళ్ల కిందటి ఫోటో ఒకటి కావాలి."

"ఎప్పటికి?"

"రెండింటికి."

"సైజు?"

బావమరిదిలో మాస్టారికి నచ్చే గుణం అదొక్కటే. మిగతా సంగతి విన్నాక మాత్రం అతను స్టాంపుని భూతద్దంలో చూసి తల అడ్డంగా ఊపాడు. "కంప్యూటర్లో దీన్నే ఫోటోలా మార్చడం కుదరదు బావా. ఇవి గీతలు. ఎంత పెద్దది చేసినా గీతల్లాగే ఉంటాయి. మనిషి కావాలి. నాన్న పాత కెమెరా ఉంది, మూడు కాళ్లది, నల్లగుడ్డ కప్పుకుని తీసేది. దాంతో తీసి, టీ డికాషన్లో ముంచితే నూరేళ్లేం ఖర్మ, నూటపాతికేళ్లు చేసిస్తాను."

ముందు బావమరిదే వేషం కట్టాడు. కాపలావాడి పాత కోటు, ఒక తోలు సంచి, చివర మువ్వలు కట్టిన కర్ర, అతికించిన మీసం. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

"ఎలా ఉన్నాను?"

"సంచి మోసేవాడిలా లేవురా. సంచి కొట్టేసేవాడిలా ఉన్నావు."

"నీ తలకాయ కన్నా నయంగానే ఉంది బావా."

ఇద్దరూ అలా తగువాడుకుంటుండగా వెనకనుంచి ఎవరో దగ్గారు.

"ఫోటో తీస్తారా?"

స్టూడియో తలుపుకి చిన్న గంట కట్టి ఉంటుంది. తలుపు కదిలితే మోగుతుంది. అది మోగలేదు. ఇద్దరూ తిరిగి చూశారు. తెర ముందున్న స్టూలు పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎముకలు తేలిన చెంపలు. బిగించిన పెదవులు. కుడికంటి కన్నా కాస్త దిగువన ఎడమ కన్ను.

బావమరిది చేతిలో ఉన్న స్టాంపు వంక చూశాడు. ముసలాయన వంక చూశాడు. పెదవి మీద మీసం ఊడి సంచిలో పడింది.

"తీస్తాం తాతగారూ," అన్నాడు చివరికి. "పాస్‌పోర్టు సైజా?"

"ఏదైనా సరే. ఇంతవరకు దిగలేదు. వీలు పడలేదు."

గోడమీద గడియారం పదకొండూ పదిహేను చూపిస్తోంది. అదృష్టం తలుపు తట్టకుండా లోపలికొస్తే ఎలా వచ్చావని అడిగే తీరిక మాస్టారికి లేదు. "తాతగారూ, ఈ కోటు వేసుకుని, ఈ సంచి పట్టుకుని కూర్చుంటారా? ఊరికే. సరదాకి."

ముసలాయన కోటు వేసుకున్నాడు. సంచి అందుకుని చేత్తో ఎత్తి చూశాడు.

"ఇందులో ఏముంది?"

"పాత పేపర్లండీ. ఉబ్బెత్తుగా కనిపించాలని."

"బరువు చాలదు," అన్నాడాయన.

కర్ర ఎలా పట్టుకోవాలో చెప్పబోయాడు బావమరిది. చెప్పనక్కర్లేకపోయింది. కర్ర కుడిభుజం మీద, సంచి దాని చివర, మువ్వలు చెవి పక్కన. అవి అన్నీ తమ చోటు ఎరిగినట్టు వెళ్లి కుదురుకున్నాయి. బావమరిది నల్లగుడ్డలో దూరాడు. ఎంతకీ బయటికి రాలేదు.

"ఏంట్రా?"

"వస్తున్నా బావా. ఇక్కడ కొంచెం బాగుంది. వెచ్చగా ఉంది."

ఫోటో అయింది. ముసలాయన సంచిని నేలమీద పెట్టకుండా, చుట్టూ చూసి, గోడకి అందినంత ఎత్తున ఉన్న కొక్కేనికి తగిలించాడు. కోటు మడిచి స్టూలు మీద పెట్టాడు.

"మీ పేరు చెప్పండి తాతగారూ, కవరు మీద రాస్తాను," అన్నాడు బావమరిది.

"రాసుకున్నారుగా," అన్నాడాయన, వెళ్లిపోతూ. ఈసారి గంట మోగింది.

మాస్టారు స్టాంపు కింద ఉన్న పేరు వంక చూడకుండా ఉండటానికి నేలవంక చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. నేలమీద తడి పాదాల గుర్తులున్నాయి. స్టూలు దగ్గరనుంచి తలుపుదాకా వరసగా ఉన్నాయి. తలుపు దగ్గరనుంచి స్టూలుదాకా ఒక్కటీ లేదు. బయట ఎండ మండిపోతోంది.

"వచ్చేటప్పుడు మనం చూసుకోలేదు బావా. అంతే."

"అంతే."

"అంతేగా?"

"అంతే అన్నానుగా!"

ఎర్రదీపం వెలుగులో ట్రేలో కాగితం ముంచాడు బావమరిది. నల్లకోటు ముందు తేలాలి, ముఖం ఆ తర్వాత రావాలి. ఇరవయ్యేళ్లుగా అతను చూస్తున్నది అదే. ఈ కాగితంలో ముందు కళ్లు తేలాయి. వాళ్లిద్దర్నీ చూసి, ఆ తర్వాత మిగతా మనిషి నెమ్మదిగా వచ్చాడు.

* * *

రెండూ ఇరవై అయిదుకి ఫోటో గోడమీద ఉంది. పక్కనే పెద్దది చేసిన స్టాంపు. రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు. డైరెక్టర్ మేడమ్ చాలాసేపు చూసి, "ఎంత సజీవంగా ఉంది!" అంది.

"మీకో శుభవార్త మాస్టారూ. పొద్దున్న రేడియోలో ప్రకటన ఇప్పించాను. రన్నర్ గారి మనవరాలు దొరికింది. మూడింటికి వస్తోంది."

"ఏ మనవరాలు మేడమ్?"

"అదేంటి, మీకు ఫోటో ఇచ్చింది ఆవిడేగా?"

"ఆవిడే అయ్యుండాలి మేడమ్," అన్నాడు మాస్టారు. గోడకి ఆనుకున్నాడు. గోడ లేకపోతే నేలకి ఆనుకునేవాడు.

వచ్చినావిడకి డెబ్భై ఎనిమిదేళ్లుంటాయి. చేతికర్ర, భుజానికి సంచి, మందపాటి కళ్లద్దాలు. ఎవరినీ పలకరించకుండా నేరుగా ఫోటో దగ్గరికి నడిచింది. ఈయన మా తాత కాదు అని ఆవిడ ఒక్క మాటంటే చాలు, పంతొమ్మిదేళ్ల అంచులు అక్కడితో ఆఖరు.

ఆవిడ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"తాతయ్యే," అంది. "అచ్చం తాతయ్యే. అలా పెదవులు బిగించే కూర్చునేవాడు."

మాస్టారి గుండెల మీదనుంచి ఒక రాయి దిగి, ఇంకో రాయి ఎక్కింది. తన ఊహలోంచి ఊడిపడిన ముఖాన్ని ఈవిడ ఎలా గుర్తుపట్టింది?

కొర్రీ గారికి మాత్రం వేరే అనుమానం వచ్చింది.

"అమ్మా, ఈ ఫోటోలో ఆయనకి ఎన్నేళ్లుంటాయి?"

"అరవై దాటుంటాయి నాయనా. నాకు పన్నెండేళ్లప్పుడు ఇలాగే ఉండేవాడు."

"వరద నాటికి ఎన్నేళ్లు?"

"ఇరవై ఆరని మా నాయనమ్మ చెప్పే..." అని ఆవిడ ఠక్కున ఆగిపోయింది. "నేనేం చెప్పాను ఇప్పుడు?"

కొర్రీ గారు వేళ్లమీద లెక్కపెట్టాడు. నమ్మకం కలక్క మళ్లీ లెక్కపెట్టాడు. "వరదలో పోయిన ముప్ఫై నాలుగేళ్ల తర్వాత ఫోటో దిగాడన్నమాట. మేడమ్! ఈయన పోలేదు. పారిపోయాడు. సంచి చెట్టుకి తగిలించి విధుల్లోంచి పరారైన ఉద్యోగి మీద మనం స్టాంపు వేశాం!"

"కార్యక్రమం ఆపండి," అంది మేడమ్. "పాత్రికేయులకి నేనేం చెప్పను? ఆయన్ని తలుచుకోమని కదా మూడు లక్షల స్టాంపులు వేసింది!"

ముసలావిడ కుర్చీలో కూలబడింది. ఎవరి ముఖమూ చూడటంలేదు.

మాస్టారికి ఆ క్షణాన రెండు దార్లు కనిపించాయి. నోరు మూసుకుంటే ఫోటో అసలైనదిగానే ఉండిపోతుంది. తొమ్మిదో గడి నిజమవుతుంది. ఉద్యోగం మిగులుతుంది. కాకపోతే ఎవరికోసమో ప్రాణం పెట్టినవాడు దొంగగా మిగులుతాడు, ఈ ముసలావిడ దొంగ మనవరాలిగా ఇంటికెళ్తుంది. అంతా తాను ఒక గడి నింపినందుకు.

"మేడమ్, ఆయన ఎక్కడికీ పారిపోలేదు," అన్నాడు. "అది ఆయన ఫోటో కాదు. ఈ పొద్దున్నే మా బావమరిది స్టూడియోలో తీయించాం. ఎవరో ముసలాయన వస్తే కోటు తొడిగి కూర్చోబెట్టాం. స్టాంపు మీద ముఖం నేను ఊహించి వేసింది. ఆధారం ఏమీ లేదు. ఆ గడిలో అబద్ధం రాశాను."

హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్లు కూడా ఆగిపోయారు.

"ఈ పొద్దున్నా?" అన్నాడు కొర్రీ గారు.

"పదకొండుంపావుకి."

"ఎవరా ముసలాయన?"

"తెలియదండీ."

"పేరు?"

మాస్టారు ఈసారీ స్టాంపు కింద పేరు వంక చూడకుండా నేలవంకే చూశాడు.

డైరెక్టర్ మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "అయితే రన్నర్ గారి పరువు దక్కింది. ఊహాచిత్రం కాబట్టి స్టాంపులు ఎలాగూ కాల్చాల్సిందే. మాస్టారూ, మీ విషయం రేపు కాగితం మీద చూద్దాం." ఆవిడకి జాలిగానే ఉంది. అది చూసే మాస్టారికి మరీ భయమేసింది.

"ఎవరిది ఊహ?" అంది ముసలావిడ.

అందరూ అటు తిరిగారు. ఆవిడ కర్ర ఊతంతో లేచి, మాస్టారి ముందుకొచ్చి నిలబడింది.

"నాయనా, నువ్వు నీ ఉద్యోగం పోగొట్టుకుని మా తాతయ్యని కాపాడదామనుకున్నావు. నేను మా ఇంటి గుట్టు దాచుకుని కూర్చుంటే బాగుండదు. ఆయన వరదలో పోలేదు. మూడు రోజులు ఏదో దుంగ పట్టుకుని కొట్టుకుపోయి, ఎక్కడో ఒడ్డున పడి, నడుచుకుంటూ తిరిగొచ్చాడు. వచ్చేసరికి మీ ఆఫీసు ముందే సంతాప సభ జరుగుతోందట."

"ఎవరికి?" అన్నాడు కొర్రీ గారు, అలవాటుకొద్దీ.

"ఆయనకే. జనంలో వెనకాల నిలబడి మొత్తం విన్నాడు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కళ్లు తుడుచుకుంటూ మాట్లాడారట. అంత బాగా ఆయన్ని ఎవరూ ఎప్పుడూ పొగడలేదు. మధ్యలో లేచి నేను బతికే ఉన్నానంటే వాళ్లు నొచ్చుకుంటారని ఊరుకున్నాడు. పైగా మర్నాడు హాజరైతే మళ్లీ పద్దెనిమిది మైళ్లు పరిగెత్తాలి కదా."

డైరెక్టర్ మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఇంకేదో తెలియలేదు.

"ఇక ఇల్లు మారిపోయి, ఆయన్ని వెనక గదిలో ఉంచారు. కొత్తచోట అందరికీ మా నాయనమ్మ పెద్దన్నయ్యని చెప్పారు. పరాయివాళ్లు వస్తే చాలు, ఆవిడ మొగుణ్ని పట్టుకుని అన్నయ్యా అన్నయ్యా అని పిలవాల్సొచ్చేది. పోయేదాకా ఆవిడకి ఆ బాధ తీరలేదు." ఆవిడ స్టాంపు వంక వేలు చూపించింది. "ఆయన ఒళ్లో పెరిగినదాన్ని చెబుతున్నాను. ఈ ముఖం ఆయనదే. ఆ ఎడమ కన్ను చూడు. మా నాన్నకీ ఆ కన్ను రాలేదు, నాకూ రాలేదు. ఇంకెవరికీ లేదది."

కొర్రీ గారి కళ్లు మెరిశాయి. జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి వేలితో వెతికాడు. "మేడమ్, మనిషిని స్వయంగా చూసిన రక్తసంబంధీకుల వాంగ్మూలం ఫోటోతో సమానమైన ఆధారం. పన్నెండో పేజీ. ఊహాచిత్రం అన్న అభ్యంతరం చెల్లదు."

"మరి మిగతాది? పోయినవాడని కదా మనం..." మేడమ్ ఆగింది. "మాస్టారూ, ఆయన వరదలో పోయాడని స్టాంపు మీద ఎక్కడైనా రాశామా?"

"రాద్దామనే అనుకున్నాను మేడమ్. చోటు చాల్లేదు. పేరు పక్కన 'వరదలో ఉత్తరాలు కాపాడిన రన్నర్, నూరేళ్లు' అన్నంతవరకే పట్టింది."

"ఉత్తరాలు కాపాడాడా?"

"ఒక్కటీ తడవలేదమ్మా," అంది ముసలావిడ. "ముందు సంచి చెట్టుకి కట్టాకే నీళ్లలో పడ్డానని లక్షసార్లు చెప్పాడు."

"ఇంకేం. మనం తలుచుకుంటున్నది అదే కదా. నాలుగింటికి విడుదల." మేడమ్ లేచి, మాస్టారి వంక చూసింది. "గోడ దగ్గర కాదు, మీరు ముందు వరసలో కూర్చోండి. టోపీ ఏదైనా ఉంటే పెట్టుకోండి."

"ఒక్క చిన్న సందేహం," అన్నాడు కొర్రీ గారు. "బతికున్నవాళ్ల బొమ్మ స్టాంపు మీద వేయకూడదు. ఆయన ఇప్పుడు..."

"పోయి యాభై ఏళ్లు దాటింది నాయనా. ఈసారి నిజంగానే. నేను దగ్గరే ఉన్నాను."

"ఖాయమేనా?"

ఆవిడ జవాబు చెప్పబోతూ, ఫోటో దగ్గరికి వెళ్లి, దానిమీదికి వంగింది.

"ఆయన మాత్రం ఎప్పుడూ ఫోటో దిగలేదు," అంది నెమ్మదిగా. "దిగితే దొరికిపోతానని భయం. కెమెరా కనిపిస్తే వెనక గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేవాడు. ఒక్కటి దిగు తాతయ్యా అని నేను ఏడిస్తే, 'ఇప్పుడు కాదులేవే, పోయాక చూద్దాం' అనేవాడు." ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "మరి నువ్వు ఈ పొద్దున్న తీశానంటావేమిటి నాయనా?"

మాస్టారి తలమీద కత్తిరించిన వైపు జుట్టూ కత్తిరించని వైపు జుట్టూ సమానంగా లేచి నిలబడ్డాయి.

* * *

నాలుగింటికి హాలు నిండింది. బావమరిది కూడా వచ్చాడు కానీ ఫోటో ఉన్న గోడవైపు వీపు పెట్టి కూర్చున్నాడు. మేడమ్ క్లుప్తంగా మాట్లాడింది. మనం రాళ్లతో కట్టిన జ్ఞాపకాలు ఒకచోట నిలబడి ఉంటాయి, మనమే వాటి దగ్గరికి వెళ్లాలి, ఈ చిన్న కాగితం అయితే తానే ఇంటింటికీ నడిచి వస్తుంది అంది. రన్నర్‌కి ఇంతకన్నా తగిన గౌరవం లేదంది. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో, కాపలావాడి దగ్గర తెచ్చిన టోపీ కింద, అంచుల మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత ముసలావిడ చేత మొదటి స్టాంపుని కవరు మీద అంటింపజేశారు. కవరుని బల్లమీద పెట్టారు. పోస్టుమాస్టరు తేదీ ముద్రని సిరాదిండు మీద అద్ది, అందరికీ కనిపించేలా చెయ్యి పైకెత్తి, అలవాటైన ఊపుతో స్టాంపు మీద కొట్టాడు.

"అబ్బా!" అని వినిపించింది.

మగ గొంతు. స్పష్టంగా, దగ్గరనుంచి వచ్చింది. పోస్టుమాస్టరు తన వేలు చూసుకున్నాడు. వేలు బాగానే ఉంది. మాస్టారు బావమరిది వంక చూశాడు, బావమరిది కొర్రీ గారి వంక చూశాడు, కొర్రీ గారు నిబంధనల పుస్తకంలోకి చూశాడు. మేడమ్ మైకు సరిచేసుకుని, కార్యక్రమం కొనసాగించమని చేత్తో సైగ చేసింది.

రెండో ముద్ర కొంచెం మెల్లగా వేశారు.